అనసూయ ఎత్తు బంగారం

లక్ష్మీనర్సమ్మ కోడలి ఒళ్లును మెచ్చుకున్నది జన్మలో ఒక్కసారే. అది కూడా కోడలితో కాదు, సమ్మక్కతో.

ఆ ఏడు వానాకాలంలో ఆమె కొడుకు లక్ష్మీనారాయణకు కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడి, పొట్ట వీపుకంటుకుపోయి, మంచంలో మనిషి ఉన్నాడా లేడా అన్నది దుప్పటి తీసి చూస్తే తప్ప తెలియని స్థితికి వచ్చాడు. ఆకుపసరు పోయించారు, దవాఖానలో చూపించారు, మజ్జిగన్నం తప్ప ముట్టనివ్వలేదు. పచ్చదనం దిగలేదు. ఒకనాడు పొద్దున్నే లక్ష్మీనర్సమ్మ తలస్నానం చేసి, మేడారం ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించింది.

"తల్లీ సమ్మక్కా, నా కొడుకు లేచి గల్లా కాడ కూసుంటే నీకు ఎత్తు బంగారం ఇచ్చుకుంట."

ఇంతవరకూ ఊళ్లో అందరూ మొక్కే మొక్కే. మేడారం జాతరలో బెల్లాన్ని బంగారమంటారు. మొక్కున్న మనిషిని త్రాసులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు సరితూగేదాకా బెల్లం పేర్చి, దాన్ని తీసుకుపోయి తల్లుల గద్దెల మీద సమర్పిస్తారు. జబ్బు లక్ష్మీనారాయణది కాబట్టి త్రాసెక్కవలసింది కూడా అతనే. కానీ లక్ష్మీనర్సమ్మ జోడించిన చేతులు దించకుండానే ఒక కన్ను తెరిచి మంచం వైపు చూసింది. వరంగల్ బీటుబజారులో మామగారి కాలం నుంచి బెల్లం కొట్టు వాళ్లది. అలాంటి ఇంటి నుంచి ఈ ఎముకల గూడంత బెల్లం పోతే తల్లి ఏమనుకుంటుంది? తల్లి సరే, బజారు ఏమనుకుంటుంది? అప్పుడే చాయ్ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో నిలబడిన కోడలు అనసూయ కనిపించింది. గడప నిండుగా కనిపించింది.

"వాడు పుల్ల లెక్క ఉన్నడు తల్లీ. వాని పెండ్లాం ఎత్తు ఇస్త, నిండుగ తీస్కో," అంది లక్ష్మీనర్సమ్మ.

తల్లి తీసుకుంటానన్నట్టే ఉంది. కొన్నాళ్లకు లక్ష్మీనారాయణ లేచి గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాడు. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కనుక మొక్కు తీర్చడానికి ఏడాదిన్నర గడువు దొరికింది. అనసూయకు భర్త బతికాడన్న సంతోషం ఎంత ఉందో, త్రాసు మీద భయం అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది. ఆ సంగతి ఎవరితో చెప్పుకున్నా బాగుండదు కాబట్టి ఎవరితోనూ చెప్పలేదు.

ఆమె భయం అసలు త్రాసు కాదు, కట్టయ్య. కట్టయ్య వాళ్ల కొట్టు దడువాయి, అంటే సరుకు తూచే మనిషి. బీటుబజారులో దడువాయి తూచడమంటే తూచి ఊరుకోవడం కాదు, ప్రతి తూకాన్నీ నలుగురికీ వినపడేలా పాడాలి. ఒకటి అనడు, లాభం అంటాడు. తర్వాత రెండు, మూడు. ఆ పాట ఆగిందంటే లెక్కలో మోసం జరిగినట్టే. బెల్లం దిమ్మ ఒక్కొక్కటి పది కిలోలని ఆ బజారులో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. అనసూయ త్రాసులో కూర్చుంటే కట్టయ్య దిమ్మకొక్క కేక పెడతాడు. ఆమె బరువు బీటుబజారు అటు చివర నుంచి ఇటు చివరిదాకా పాటగా పోతుంది.

పెళ్లినాటికి అనసూయ అందరిలాగే ఉండేది. హన్మకొండ కాలేజీలో బీఏ చదివింది. రెండో కాన్పు తర్వాత ఒళ్లు వచ్చింది, వచ్చింది మళ్లీ పోలేదు. రిక్షా యాకయ్య ఆమె ఎక్కగానే "జర నడిమిట్ల కూసో అక్కా, చక్రం రాస్తాంది" అంటాడు. నవ్వుతూనే అంటాడు, ఆమె కూడా నవ్వుతూనే జరుగుతుంది.

"మొక్కు ఇంట్ల తీరుస్తే కాదా అండీ? త్రాసు లోపలి అర్రలో కట్టిస్తే?" అని భర్తను అడిగింది.

"మొక్కు గదనే, దాసుకోని తూస్తే దొంగ సరుకనుకుంటరు."

"పోనీ కట్టయ్యను మెల్లగ పాడుమనండి."

లక్ష్మీనారాయణ నవ్వాడు. "వానికి మెల్లగ రాదు. బిడ్డ పెండ్లిల చదివింపులు గూడ వాడే ఒర్రిండు."

పక్కింటి భారతి దగ్గర వారపత్రికలు ఉండేవి. పెళ్లయి ఏడాది కాని పిల్ల, చీపురుపుల్లలా ఉండేది. ఒక మధ్యాహ్నం పత్రికలో వెనక పేజీ మడిచి తెచ్చి అనసూయ ఒళ్లో పెట్టింది. 'లతాంగి' అని పెద్ద అక్షరాలు. కింద: పథ్యం లేదు, వ్యాయామం లేదు, బూరెలు తింటూనే తీగలా మారండి. మద్రాసు స్పెషలిస్టు డాక్టర్ సుందర్‌రాజన్ గారు ప్రతినెలా మొదటి ఆదివారం హన్మకొండలో దొరుకుదురు. లాడ్జి పేరు, గది నంబరు కూడా ఉన్నాయి.

"అంత పెద్ద డాక్టర్‌కు లాడ్జి ఎందుకే?" అంది అనసూయ.

"ఊరూరు తిరుగుతడు గదా అక్కా. ఇల్లు ఏడ కట్టుకుంటడు?"

గుడికని చెప్పి ఇద్దరూ వెళ్లారు. లాడ్జి మెట్ల మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ పక్కవాళ్ల ముఖం తప్ప అన్నీ చూస్తున్నారు. గదిలో మంచం గోడకు నిలబెట్టి, దాని మీద దుప్పటి కప్పి, దుప్పటికి ఫొటోలు గుచ్చారు. ముందు ఇలా, తర్వాత ఇలా. ముందు ఫొటోలో ఉన్నామెకు చెవులకు కమ్మలున్నాయి, తర్వాత ఫొటోలో చెవులు కుట్టించుకున్న జాడే లేదు. ఒళ్లు తగ్గితే చెవి చిల్లులు కూడా పూడిపోతాయి కాబోలనుకుంది అనసూయ. బీఏ చదివింది కదా, ఇలాంటివి ఇట్టే కనిపెడుతుంది. కనిపెట్టి కూడా కుర్చీలో కూర్చుంది.

సుందర్‌రాజన్ తెల్లకోటు తొడుక్కుని, పుస్తకాల్లో ఉండే తెలుగు మాట్లాడాడు. "అమ్మా, ఇది హిమాలయాల మూలిక. పొద్దున ఒక చెంచా చూర్ణం, ఒక తెల్ల మాత్ర, సాయంత్రం ఒక పసుపు మాత్ర. మూడు నెలల్లో మీ వారు మిమ్మల్ని గుర్తుపట్టరు."

"ఇందులో ఏమేం ఉన్నాయండీ?"

"అది ఫార్ములా అమ్మా. చెబితే మీరే ఇంట్లో దంచుకుంటారు."

"దీంతో ఇబ్బందేమన్నా..."

"మొదట్లో కాస్త గుండె దడ అనిపించవచ్చు. కంగారు పడకండి. అది కొవ్వు కరిగే చప్పుడు."

మెట్లు దిగుతూ భారతి పొట్ట పట్టుకుని నవ్వింది. "కొవ్వు చప్పుడు చేస్తదటనే అక్కా, పోపుల నూనె లెక్క!" అనసూయ కూడా నవ్వింది. డబ్బాను మాత్రం కొంగు కింద గట్టిగా పట్టుకుంది.

ఆ మందు పనిచేయలేదని ఎవరైనా అంటే అబద్ధమాడినట్టే. పనిచేసింది. వారానికే ఆకలి చచ్చిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే గుడ్డ నమిలినట్టుండేది. నిద్ర పోయింది, దాని బదులు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఇంట్లో ఉన్న ఇత్తడంతా చింతపండుతో తోమేసింది. తోమడానికి ఇంకేమీ మిగలక మళ్లీ మొదటి నుంచీ తోమింది. రవికెలు వదులయ్యాయి. యాకయ్య నడిమిట్ల కూర్చోమనడం మానేశాడు. లక్ష్మీనారాయణ ఒకరోజు గల్లా దగ్గర నుంచి తల తిప్పి, "ఏందే, పెండ్లినాటి లెక్క అయితాన్నవు" అన్నాడు. ఆ మాటకు ఆమె గుండె దడదడలాడింది. నిజానికి ఆ మాట అనకముందు నుంచీ దడదడలాడుతూనే ఉంది. కరగనీ అనుకుంది.

చేతులు వణకడం మొదలైంది. సాసరు మీద కప్పు టకటకలాడుతుంటే లక్ష్మీనారాయణ, "చాయ్ వస్తాందని అర్ర దాటకముందే ఎర్కయితాంది" అని నవ్వేవాడు. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు.

లక్ష్మీనర్సమ్మ చదువుకోలేదు గానీ కంటితో తూచగలదు. బండిలోంచి దిగే బెల్లాన్ని చూసి ఎంతుందో చెబితే కట్టయ్య త్రాసు కూడా అదే చెప్పేది. ఒక పొద్దున కోడలు ముగ్గు పెడుతుంటే వెనక నిలబడి ఎగాదిగా చూసింది.

"మొక్కిననాడు తొమ్మిది దిమ్మల మనిషివి. ఇయ్యాల ఏడున్నర ఉన్నవు. ఒకటిన్నర దిమ్మ ఏడ పోయిందే?"

"తగ్గితే మంచిదే గద అత్తమ్మా."

"నీకు మంచిదే. తల్లికి? తొమ్మిది జూపిచ్చి మొక్కిన. ఇప్పుడు ఏడు జేతుల పెడితే తల్లి కండ్లు మూసుకోని తీసుకుంటదా? ఎక్కువ జూపి తూకం కొట్టే ఇల్లా మనది?"

ఆనాటి నుంచి ఆ ఇంట్లో వింత యుద్ధం నడిచింది. పెళ్లయిన ఇన్నేళ్లలో కోడలి విస్తట్లో నెయ్యి ఎక్కువైందని సణిగిన మనిషే స్వయంగా గిన్నె వంచి పోయసాగింది. "తినవే, తల్లి సొమ్ము తింటాన్నవు" అని నువ్వుల ముద్దలు చేసి పక్కన కూర్చుని మరీ తినిపించింది. అనసూయ తినేది, పెరట్లోకి వెళ్లి కక్కుకునేది. ఏం తిన్నా మనిషి తరిగిపోతుంటే లక్ష్మీనర్సమ్మకు అనుమానం తీరిపోయింది. మందు సంగతి ఆమెకు తెలియదు. తల్లి ఇప్పటి నుంచే తన వాటా తీసుకుంటోందని తేల్చేసింది.

కార్తీకంలో అనసూయ బావి గట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయింది. అత్తగారు ముందు తీసుకుపోయింది దవాఖానకు కాదు, దేవుడు ఒంటి మీదికి వచ్చే మొగిలమ్మ దగ్గరికి. మొగిలమ్మ పసుపు పూసుకుని జుట్టు విరబోసి ఊగుతూ, "నాకు మొక్కింది నాకు రాకముందే కరిగిస్తాండ్రు!" అని అరిచింది. లక్ష్మీనర్సమ్మకు ఒళ్లు జలదరించింది. దారిపొడుగునా ఆ కథంతా, పిలుచుకుపోవడానికి వచ్చిన మొగిలమ్మ కూతురికి చెప్పుకుంటూ వచ్చింది తానేనన్నది ఆమెకు గుర్తుకు రాలేదు.

అనసూయకు గుర్తుంది. అయినా ఆ కేక విన్నాక ఆమె కూడా వణికింది. బీఏ ఒక వైపు లాగింది, గుండె ఇంకో వైపు లాగింది. నిజంగానే తల్లిని మోసం చేస్తున్నానా అనుకుంది. అనుకుని, సాయంత్రం పసుపు మాత్ర వేసుకుంది.

ఆ తర్వాత లక్ష్మీనారాయణ పట్టుబట్టి పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ నాడి పట్టుకుని చాలాసేపు గడియారం చూసింది. కళ్లు చూసింది, చేతులు చాపమని చూసింది.

"ఏమన్న మందులు వాడుతాన్నవా అమ్మా?"

"మందులు లేవు, మాకులు లేవు," అని అత్తగారు అందుకుంది. "తల్లి కోపం బిడ్డా. మొక్కు తీరితే నిమ్మలమైతది."

"నేను ఆమెనడుగుతాన్న." డాక్టరమ్మ అనసూయ వైపు తిరిగింది. "చెప్పమ్మా. నాటు మందు గాని, పత్రికల జూసి తెప్పిచ్చుకున్నది గాని?"

అనసూయ నోరు తెరిచింది. జాతర ఇంకా రెండు నెలలుంది. ఇప్పుడు ఆపితే, అత్తగారి నేతితో ఈ రెండు నెలల్లో పోయిన బరువంతా పరుగెత్తుకొస్తుంది. కట్టయ్య కేక చెవుల్లో వినిపించింది.

"ఏం లేవు డాక్టర్," అంది.

రక్తపరీక్షలు రాసిచ్చి వారంలో రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. అప్పటికి పాదాలు వాచాయి, వేలితో నొక్కితే గుంటపడి అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఊపిరాడక దిండ్ల మీద దిండ్లు వేసుకునేది. కొట్టులో ఎవరూ లేనప్పుడు మూటలు తూచే కాటా మీద నిలబడి చూసుకుంటే బరువు పెరిగింది. తినకుండానే పెరిగింది. మందు పట్టు తప్పిందేమోనని భయపడి తెల్ల మాత్రలు రెండు చొప్పున మింగింది.

సంక్రాంతి దాటాక అనసూయ డాబా మెట్ల మీద కూలబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఈసారి దవాఖానలో డాక్టరమ్మ అడగకముందే కొంగు ముడి విప్పి మాత్రలు మంచం మీద పోసింది. డాక్టరమ్మ ఒకటి విరిచి చూసి, వాసన చూసి, పక్కన పెట్టింది.

"ఇట్లాంటి కేసులు ఇదివరకు చూసిన. ఇందుల హిమాలయం ఏం లేదు. గొడ్డు గొంతుల ఒక గ్రంథి ఉంటది, దాన్ని ఎండబెట్టి పొడి చేస్తరు. నీళ్లు పోయేటందుకు ఇంకో మందు కలుపుతరు. మిగిలింది వానికే ఎర్క."

"గొడ్డుదా?" అని లక్ష్మీనర్సమ్మ గోడకు చేరగిలబడింది. ఉల్లిగడ్డ కూడా వారంలో రెండు రోజులు తినని ఇల్లు. ఆమెకు ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాటలేవీ వినపడలేదు. చెప్పిన మాటలన్నిటిలోకీ ఆమెకు పెద్దగా తోచింది అదే.

అనసూయకు మిగతావి వినపడ్డాయి. గుండె సాగి పెద్దదైంది. కొట్టుకోవడంలో లెక్క తప్పింది.

"ఒళ్లు తగ్గించుకుందామంటే గుండె పెరిగిందా?" అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. "ఆ మందు ఆపేస్తే మళ్లీ మామూలైతదా డాక్టర్?"

డాక్టరమ్మ చీటీ రాస్తూ తలెత్తలేదు. "ఇంతకన్న చెడకుండ చూస్తం. మెట్లెక్కొద్దు, బరువు లేపొద్దు. ఇంకో కాన్పు మాట తలువొద్దు."

"మొదటిసారి వచ్చిననాడే చెప్పి ఉంటే?"

"అది ఇప్పుడెందుకమ్మా," అంది డాక్టరమ్మ.

లక్ష్మీనారాయణ ఆ మధ్యాహ్నమే హన్మకొండ లాడ్జికి వెళ్లాడు. గదిలో మంచం మళ్లీ మంచంలా పరిచి ఉంది, దాని మీద ఎవరో విత్తనాల కంపెనీ ఏజెంటు పడుకుని ఉన్నాడు. పోలీసుస్టేషన్‌లో రశీదు ఉందా అని అడిగారు. మందు ఎవరు వేసుకోమన్నారని కూడా అడిగారు. ఇంటికి వచ్చి భార్య మంచం పక్కన కూర్చున్నాడు.

"నాకు చెప్తే ఏమైతుండెనే? కట్టయ్యను ఆనాడు సెలవు మీద పంపుతుంటి గదా."

ఆ మాట ఏడాది ముందు అని ఉంటే ఎంత బాగుండేదో అనసూయ చెప్పలేదు. అతనికి తెలిసిపోయినట్టే ఉంది, లేచి కొట్టులోకి వెళ్లిపోయాడు.

మొక్కు మాత్రం ఆగలేదు. జాతరకు ముందు మంచి రోజు చూసి కొట్టు ముందర దూలానికి పెద్ద త్రాసు కట్టారు. పళ్లేలకు పసుపు రాసి, మామిడాకులు కట్టారు. డప్పులవాళ్లు వచ్చారు. పొరుగు కొట్లవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, హమాలీలు వచ్చారు. లక్ష్మీనారాయణ ఒక చేయి, అత్తగారు ఒక చేయి పట్టుకుని అనసూయను తీసుకొచ్చి పళ్లెంలో కూర్చోబెట్టారు. వాపు దిగడానికి మందులిచ్చారు కాబట్టి మనిషి మరీ చిక్కిపోయింది. ఆడవాళ్లలో గుసగుస లేచింది. అందులో జాలి కొంచెమే ఉంది.

"లాభం!" అని కట్టయ్య మొదటి దిమ్మ పెట్టాడు. డప్పు మోగింది. "రెండూ! మూడూ!"

ఆరో దిమ్మకు ఆమె కూర్చున్న పళ్లెం నేల విడిచి లేచింది. అనసూయ కళ్లు మూసుకుంది. ఆరు. ఏడాదిపాటు ఆమె కలలో విన్న పాట ఇదే. ఆరు దగ్గరే ఆగిన పాట.

"ఆగు కట్టయ్యా," అంది లక్ష్మీనర్సమ్మ. "మొక్కింది తొమ్మిది."

"మనిషి ఆరే ఉంది గద సావుకారమ్మా."

"నాకు కండ్లు లేవా? కొట్టు లోపలికెల్లి ఇనుప రాళ్లు తే. తల్లికి తక్కువ పోవద్దు. తక్కువ పోతాందనే కోడలి పానం మీదికి తెచ్చింది తల్లి."

"అది మందు వల్ల అత్తమ్మా," అంది అనసూయ. ఆమె గొంతు డప్పులో కలిసిపోయింది.

కట్టయ్య తూకం రాళ్లు తెచ్చి ఆమె మోకాళ్ల పక్కన, పాదాల దగ్గర, ఒక చిన్నది ఒళ్లో కూడా పేర్చాడు. ఒళ్లో పెట్టేటప్పుడు "తప్పు పట్టకు కోడలమ్మా" అన్నాడు మెల్లగా. అతనికి మెల్లగా కూడా వస్తుందని అప్పుడే తెలిసింది. తర్వాత లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏడూ! ఎనిమిదీ!" బజారు చివర టీకొట్టు దగ్గరివాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. "తొమ్మిదీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. లక్ష్మీనర్సమ్మ కళ్లొత్తుకుంది. ఇనుము మధ్యలో కూర్చున్న అనసూయకు ఊపిరి అందడం లేదు. దించండి అనడానికి కూడా గాలి చాలలేదు.

మర్నాడు ఇంటిల్లిపాదీ తొమ్మిది దిమ్మలతో మేడారం బస్సెక్కింది. ఆ జనంలో, ఆ దుమ్ములో నడిస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి అనసూయ ఇంట్లోనే ఉండిపోయింది. తోడుగా ఉండమని భారతికి అప్పజెప్పారు. భారతి చంకలో మూడు నెలల పిల్లనేసుకుని వచ్చింది. కాన్పు తర్వాత ఆమెకూ ఒళ్లొచ్చింది. నడుము దగ్గర చీర కుచ్చిళ్లు నిలవడం లేదు.

పిల్లను చాప మీద పడుకోబెట్టి, అనసూయకు మందు తాగించి, దిండ్లు సర్ది, కాళ్ల దగ్గర కూర్చుంది. కాసేపు ఊరి కబుర్లు చెప్పింది. అటు తర్వాత అద్దాల బీరువా వైపు తిరిగి పక్కకు నిలబడి పొట్ట లోపలికి పీల్చి చూసుకుంది.

"అక్కా, ఆ సుందర్‌రాజన్ కాజీపేటల దిగుతాండట ఇప్పుడు. స్టేషన్ ఎదురుంగ."

అనసూయ దిండ్ల మీద కొంచెం లేచింది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, ఆగి ఆగి, మొదటి నుంచీ అంతా చెప్పింది. గొడ్డు గ్రంథి చెప్పింది, గుండె చెప్పింది, వాపు చెప్పింది, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోవడం చెప్పింది. భారతి కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వింది. నిజంగానే ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు ఆయన చెప్పినంత వేసుకున్నవు అక్కా. తర్వాత రెండేసి మింగినవు. అందుకే గిట్లయింది," అంది. "నేను సగమే వేసుకుంట."

అనసూయ ఆమె చేయి పట్టుకోవాలని చేయి చాపింది. చేయి మంచం అంచు దాకా వెళ్లి ఆగింది. భారతి అప్పటికే చాప దగ్గరికి వెళ్లి, లేచి ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని, కాజీపేట బస్సు ఏ వేళకుందో కనుక్కోవడానికి వీధి గుమ్మంలో నిలబడి యాకయ్యను పిలుస్తోంది.